బయోచార్
బయోచార్ అనేది పంట వ్యర్థాలు, కలప వంటి జీవపదార్థాన్ని గాలి దాదాపుగా అందకుండా, సాధారణంగా 350–700 డిగ్రీల సెల్సియస్ వద్ద వేడిచేసినప్పుడు మిగిలే, నేలను మెరుగుపరచడానికి వాడే బొగ్గు. ఈ ప్రక్రియ పేరు పైరాలసిస్.

చరిత్ర: అమెజాన్ పరీవాహక ప్రాంతంలో ఆదివాసుల పూర్వ నివాసాల వద్ద బొగ్గు, ఎముకలు, కుండపెంకులు కలిసిన ‘టెర్రా ప్రెటా’ అనే సారవంతమైన నల్లనేలలు ఉన్నాయి; బయోచార్ ఆలోచనకు ఇవే ప్రేరణ. డచ్ మృత్తికా శాస్త్రవేత్త విమ్ సోంబ్రూక్ 1966లో ప్రచురించిన గ్రంథంలో వీటిని వివరించాడు.

తయారీ: పత్తి కట్టె, కంది కట్టె, మొక్కజొన్న చొప్ప, వరి ఊక ముడిసరుకులు. వీటిని మూతగల డ్రమ్ము బట్టీల్లోనూ కాల్చవచ్చు. హైదరాబాద్‌లోని కేంద్ర మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ ఇలాంటి బట్టీని రూపొందించింది.

లక్షణాలు: సూక్ష్మరంధ్రాల వల్ల ఇసుకపాలు ఎక్కువైన నేలల్లో తేమ నిలుపుదల పెరుగుతుంది, పోషకాలు కొట్టుకుపోవడం తగ్గుతుంది. ఎక్కువ రకాలు క్షారగుణం కలవి కావడంతో ఆమ్ల నేలల్లో ఫలితం అధికం. చౌడు నేలల్లో పరిమితం. ముడిసరుకు, ఉష్ణోగ్రతలను బట్టి గుణాలు మారతాయి. తాజా బయోచార్ నత్రజనిని తాత్కాలికంగా పట్టి ఉంచగలదు కనుక పశువుల ఎరువు లేదా కంపోస్టుతో కలిపి వేస్తారు. ఇది ఎరువులకు పూర్తి ప్రత్యామ్నాయం కాదు.

ప్రాధాన్యం: ఇందులోని కార్బన్‌లో అధిక భాగం నేలలో వందల ఏళ్లు నిలుస్తుంది. వాతావరణ మార్పుపై అంతర్‌ప్రభుత్వ మండలి 2018 నివేదిక బయోచార్‌ను వాతావరణం నుంచి కార్బన్ డయాక్సైడ్‌ను తొలగించే మార్గాల్లో ఒకటిగా పేర్కొంది. ముడిసరుకు సేకరణ, రవాణా ఖర్చులు బయోచార్ విస్తృత వాడకానికి ప్రధాన అవరోధాలు.