ఆదవానిలో ఆయుధ ప్రశ్న

ఆదవాని జామియా మసీదును కట్టించిన సిద్ది మసూద్ ఖాన్ పేరు మన పాఠకులకు విదితమే. ఆ పట్టణాన్నే జాగీరుగా ఏలిన బసాలత్ జంగ్‌ను తలచుకునేవారు మాత్రం తక్కువ. పౌరుల చేతిలో ఆయుధం ఉండవచ్చునా, ఉంటే ఎవరి అనుమతితో ఉండాలి అన్న వాదం అమెరికాలో 1791 నాటి రెండవ సవరణ చుట్టూ ఈనాటికీ సాగుతూనే ఉన్నది. దానికి సంబంధించిన ఒక పాత పాఠం మన పడమటి కర్నూలు సీమలో ఉన్నది.

బసాలత్ జంగ్ నిజాం అలీ ఖాన్‌కు తమ్ముడు. గుంటూరు సర్కారు కూడా ఆయన జాగీరే. అక్కడి మోటుపల్లి రేవు ద్వారా ఫ్రెంచివారి మందుగుండు సామగ్రి చేరుతున్నదని ఆంగ్లేయుల ఫిర్యాదు. మరొక వంక హైదర్ అలీ భయం. 1779లో ఆయన మద్రాసు ఆంగ్లేయులతో ఒప్పందం చేసుకొని, తన ఫ్రెంచి దళాన్ని తొలగించడానికి, గుంటూరును వారికి కౌలుకివ్వడానికి అంగీకరించాడు. బదులుగా వారు ఆయనను కాపాడాలి. కర్నల్ హార్పర్ కింద పంపిన సైన్యాన్ని హైదర్ దారిలోనే అడ్డగించాడు. అది ఆదవాని చేరనే లేదు. తొలగించిన ఫ్రెంచివారిని నిజాం తన కొలువులో చేర్చుకున్నాడు. చేతిలో ఉన్నది పోయింది, ఇస్తామన్నది రాలేదు! బసాలత్ జంగ్ 1782లో మరణించగా, 1786లో టిప్పు సుల్తాన్ ఆదవానిని పట్టుకొని కోటను పడగొట్టించాడు.

1800లో ఈ సీమ కంపెనీ వశమైంది. అప్పుడు దత్తమండలాలలో 80 మంది పాళెగాళ్లు, వారి కింద సుమారు 30 వేల మంది సాయుధ బంట్రోతులు ఉండేవారు. థామస్ మన్రో కలెక్టరుగా వచ్చి, సైన్యం తోడుతో వారిని అణచాడు. ఇది కేవలం దౌర్జన్యమేనని చెప్పడానికి నాకు మనసొప్పదు. ఎమ్మిగనూరువంటి మగ్గాల ఊళ్లలో నేతగాని చేతిలో కత్తి ఎన్నడు ఉండెను గనుక? పాళెగానికి కావలి రుసుము కట్టి బతికినవాడే అతడు. అయితే 1801లో తెర్నేకల్లు గ్రామస్థులు శిస్తు తగాదాలో రెవెన్యూ ఉద్యోగులను చంపి తమ గ్రామకోటలో నిలిచి పోరాడారు. మొదటి దాడి విఫలమైంది. మరల పెద్ద బలగం వచ్చి కోటను పట్టుకున్నది. ముత్తుకూరు గౌడప్పను ఉరితీశారు. 1839లో కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాన్‌ది మరొక కథ: రహస్యంగా ఆయుధాలు పోగుచేశాడన్న అభియోగంపై ఆయన రాజ్యమే పోయింది.

శాంతికోసమే ఆయుధాలు తీసుకున్నామన్న మాట 1878లో తేలిపోయింది. లిట్టన్ ఆయుధ చట్టం భారతీయునికి లైసెన్సు విధించింది. ఐరోపావారికి, ఆంగ్లో ఇండియనులకు మినహాయింపు ఇచ్చింది. జనం మండిపడింది ఆ భేదంపైనే. 1931 కరాచీ కాంగ్రెసు తీర్మానంలో నిబంధనలకు లోబడి ఆయుధం ధరించే హక్కు చేరడానికి ఈ అవమానమే కారణమని నా అభిప్రాయం.

రాజ్యాంగ సభలో 1948 డిసెంబరులో హెచ్.వి. కామత్ ఈ హక్కును ప్రాథమిక హక్కులలో చేర్చమన్నారు. డాక్టర్ అంబేద్కర్ ఒప్పుకోలేదు. దొంగలకు కూడా ఆ హక్కు చెందదా అని అడిగారు. దేశరక్షణకు ఆయుధం పట్టడం పౌరుని హక్కుకంటె విధి అన్నారు. సవరణ వీగిపోయింది. 19వ అధికరణంలో ఉన్నది ఆయుధాలు లేకుండా శాంతియుతంగా సమావేశమయ్యే హక్కు మాత్రమే.

మన ఫుఖహాలు ఈ ప్రశ్నను మరొక వైపునుండి చూశారు. ఫిత్నా కాలంలో ఆయుధాల విక్రయం గురించి ఇమామ్ బుఖారీ ప్రత్యేకంగా ఒక బాబ్ పెట్టారు. హజ్రత్ ఇమ్రాన్ బిన్ హుసైన్ (రజి) అట్టి విక్రయాన్ని అయిష్టంగా చూశారని అందులో పేర్కొన్నారు. అంటే కొనేవానికంటె ముందు అమ్మేవానిని నిలదీశారన్నమాట. 1959 ఆయుధ చట్టం తయారీకి, అమ్మకానికి కూడా లైసెన్సు కోరుతుంది. అయినా కర్నూలు ముఠా తగాదాలలో ప్రాణాలు తీసిన నాటుబాంబులు ఏ లైసెన్సు పుస్తకంలోనూ లేవు. ఎన్నికలు వచ్చినప్పుడు లైసెన్సు తుపాకిని పోలీసు స్టేషనులో అప్పగించి రసీదు తెచ్చుకునే పెద్దమనిషి వేరు, గడ్డివాములో బాంబులు దాచేవాడు వేరు. చట్టం మొదటివానిని సులభంగా పట్టుకుంటుంది. రెండవవాని ఇంటిపక్కన కాపురముండేవాడు మాత్రం, 1779లో ఆదవానిలో బసాలత్ జంగ్ ఎదురుచూసినట్టే, రక్షణకోసం ఎదురుచూస్తాడు.