చెవిలోని హోరు

సామాన్యముగా ఒక శబ్దము పుట్టినచో దానికి పలువురు సాక్షులుందురు. కర్ణనాదమునకు మాత్రము చాలవరకు అనుభవించువాడొక్కడే సాక్షి. ప్రక్కవారికి వినబడని యా ధ్వనిని అతడు తెలియజేయుట యెట్లు? తానెరిగిన మరియొక ధ్వనితో బోల్చి చెప్పుటకంటె గత్యంతరము లేదు. ఆ పోలికల చరిత్రమును కొంత పరిశీలింతము.

సుశ్రుతసంహిత కర్ణరోగములను 28 విధములుగా లెక్కించి, నాదమును క్ష్వేడమును వేరువేరుగా జెప్పినది. మాధవనిదానము నాదమునకు భేరీమృదంగశంఖముల ధ్వనిని, క్ష్వేడమునకు వేణుస్వరమును ఉపమానములుగా జూపినది. వైద్యుని చెవికందని శబ్దమును గూర్చి రోగి పలికిన పోలిక యిట్లు శాస్త్రములోని కెక్కినది.

ఐరోపాలో బేతోవెన్ 1801లో వైద్యుడగు తన మిత్రునికి లేఖ వ్రాయుచు, తన చెవులు రేయింబవళ్లు హోరుమనుచున్నవని మొరపెట్టుకొని, ఆ సంగతి నెవ్వరికిని చెప్పవలదని వేడుకొనెను. 1821లో ఫ్రెంచి వైద్యుడు ఇటార్డు, దేహములో నిజముగా పుట్టు ధ్వని వేరు, రోగికి మాత్రమే తోచు ధ్వని వేరు అని విభజించెను. చెక్ దేశీయుడగు స్మెతానా 1874లో బధిరుడయ్యెను. తన చెవిలోని యీలను అతడు మాటలతో సరిపెట్టక, 1876లో రచించిన తంత్రీవాద్యకృతి తుదిభాగమున వయొలిన్‌పై దీర్ఘమైన తారస్వరముగా నిలిపెను.

మన యిండ్లలో పెద్దలు హోరనియు, గుయ్యిమనుచున్నదనియు, ఇలకోడి కూతయనియు చెప్పుదురు. నేటివారు కుక్కరు ఈలతోను పోల్చవచ్చును. భేరి పోయి కుక్కరు వచ్చినను బాధ మారలేదు. పోలికకు దొరకు వస్తువు మాత్రమే మారినది.

ఇది చిత్తభ్రమయని కొందరు త్రోసిపుచ్చుదురు. 1953లో హెల్లరు, బెర్గ్‌మనులు వినికిడి చక్కగానున్న 80 మందిని నిశ్శబ్దమైన గదిలో కూర్చుండబెట్టగా, నూటికి 94 మంది ఏదో యొక ధ్వని వినబడినదనిరి. వినికిడి తగ్గినవారికి ఇట్టి ధ్వని మరింత తరచుగా బాధాకరమగును.

కావున ఇంటనున్న వృద్ధురాలు చెవిలో నేదో మ్రోగుచున్నదన్నప్పుడు, "మాకేమియు వినబడుటలేదే" యనుట ప్రత్యుత్తరము కాజాలదు. ఎట్టి ధ్వని, ఒక చెవిలోనా రెంటిలోనా, నాడితోపాటు కొట్టుకొనుచున్నదా యని యడిగి, ఆమె చెప్పిన మాటలనే వైద్యునికి వినిపింపవలెను. తన బాధను తెలుపుటకు ఆమెకు వేరు సాధనము లేదు.