రాస్ కాగితములు

1897 ఆగష్టు 20వ తేదీన సికింద్రాబాదు చెంత బేగంపేటలో రొనాల్డ్ రాస్ దోమ జీర్ణకోశపు గోడలో మలేరియా పరాన్నజీవిని దర్శించెను. ఆ కృషిక్రమము నేడు మనకు తెలియుటకు ఆయన వ్రాసికొన్న నోటుపుస్తకములును, లండనులోని మార్గదర్శి పాట్రిక్ మాన్సనుకు వ్రాసిన లేఖలును ఆధారములు.

1902లో నోబెల్ బహుమతి నందిన ఆ శాస్త్రజ్ఞుడే 1928లో కుటుంబ పోషణకై తన కాగితములను అమ్మజూపెను. లేడీ హ్యూస్టను 2,000 పౌనులిచ్చి కొనెను. ఆమె ఇవ్వజూపగా బ్రిటిష్ మ్యూజియము స్వీకరింపలేదు. తుదకు లండను, గ్లాస్గోలలోని వైద్యసంస్థలు వానిని భద్రపరచినవి.

1959లో తొలి బ్లాస్టు ఫర్నేసు వెలిగిన భిలాయిలో పనిచేసిన ఆంధ్రుల దినచర్యలును, ఉత్తరములును రేపటి చరిత్రకు ఇట్టి ఆధారములే. నేడు అడుగువారు లేరని వానిని చిత్తుకాగితములలో కలుపరాదు.