స్టార్‌బక్ అడిగిన ప్రశ్నలు

చరిత్ర అంటే రాజులు, యుద్ధాలు, ఒప్పందాలు అని మనం పరీక్షలకు చదువుతాం. ఒక మనిషి కొన్ని ప్రశ్నలు కాగితం మీద రాసి, తెలిసినవాళ్ళకీ తెలియనివాళ్ళకీ పంపి, వచ్చిన జవాబులను ఓపిగ్గా లెక్కపెట్టడం కూడా చరిత్రే. ఆ మనిషి పేరు ఎడ్విన్ డిల్లర్ స్టార్‌బక్. (ఈ పేరు వింటే కాఫీ కొట్టు గుర్తొస్తుంది. దానికీ ఈయనకీ ఏ సంబంధమూ లేదు.) ఆయన అడిగింది దేవుడి గురించి. ఆ లెక్కలో ఎక్కువగా తేలింది మన వయసు. అందుకే ఆయన గురించి రాస్తున్నాను.

స్టార్‌బక్ 1866లో అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో క్వేకర్ల కుటుంబంలో పుట్టారు. క్వేకర్లు క్రైస్తవులే. కానీ వాళ్ళ పాత పద్ధతిలో ఆరాధన అంటే అందరూ మౌనంగా కూర్చోవడం, ఎవరికి లోపలినుంచి మాట వస్తే వాళ్ళు లేచి చెప్పడం. అలాంటి ఇంట్లో పెరిగినవాడికి మనిషి లోపల ఏం జరుగుతుందో తెలుసుకోవాలని అనిపించడంలో ఆశ్చర్యం లేదు. ఇండియానా విశ్వవిద్యాలయంలో చదివి, కొన్నాళ్ళు పాఠాలు చెప్పి, 1893లో హార్వర్డ్‌కు వెళ్ళారు. అక్కడ విలియం జేమ్స్ అనే పేరున్న మనస్తత్వ శాస్త్రవేత్త ఉండేవారు.

ఆ కాలంలో అమెరికాలో ఉజ్జీవ సభలు ఎక్కువ. బోధకుడు గట్టిగా ప్రసంగిస్తాడు, వింటున్నవాళ్ళలో కొందరు ఏడుస్తారు, ముందుకొచ్చి తాము మారామని చెబుతారు. ఇది ఒక మతం నుంచి ఇంకో మతానికి పోవడం కాదు. పుట్టిన మతంలోనే ఉండి లోపల మారడం. మన వైపు తెలుగు క్రైస్తవులు మారుమనస్సు పొందడం అంటారు కదా, అదే. దీని గురించి బోధకులు చాలా చెప్పారు, ఎగతాళి చేసేవాళ్ళు కూడా చాలా చెప్పారు. మారినవాళ్ళను వరుసగా అడిగి రాసుకున్నవాళ్ళు మాత్రం దాదాపు లేరు.

స్టార్‌బక్ ప్రశ్నావళి తయారుచేశారు. చిన్నప్పుడు మీ ఇంట్లో ఏ ఆచారాలు ఉండేవి, మార్పు ఏ వయసులో వచ్చింది, దానికి ముందు భయం వేసిందా, పశ్చాత్తాపం కలిగిందా, నిద్ర పట్టిందా, అన్నం సహించిందా, తర్వాత ఎలా అనిపించింది, ఇలాంటివి. జేమ్స్‌కు ఇది అంతగా నచ్చలేదు. జనం చర్చిలో విన్న మాటలనే తిరిగి రాసి పంపుతారని ఆయన భయం. ఆ భయం ఊరికే వచ్చింది కాదు. మనల్ని ఎవరైనా "దేవుడంటే ఏమిటి" అని అడిగితే మనం కూడా పుస్తకంలో ఉన్నదే రాస్తాం. ఐనా స్టార్‌బక్ మానలేదు. తర్వాత క్లార్క్ విశ్వవిద్యాలయంలో జి. స్టాన్లీ హాల్ దగ్గర చేరి 1897లో డాక్టరేటు తీసుకున్నారు. 1899లో ఆయన పుస్తకం వచ్చింది. దాని పేరును తెలుగులో చెప్పాలంటే "మత మనస్తత్వ శాస్త్రం". దానికి ముందుమాట రాసింది జేమ్సే. ఈ పనికి తాను మొదట్లో అంత ప్రోత్సాహం ఇవ్వనందుకు ఇప్పుడు కాస్త సిగ్గుపడాల్సి వస్తోందని ఆయన అందులో ఒప్పుకున్నారు. పెద్ద ప్రొఫెసరు తన విద్యార్థి పుస్తకంలోనే అలా రాయడం నాకు చాలా నచ్చింది.

ఇక లెక్కలకు వస్తాను. మారుమనస్సు కథల్లో ఆయన లోతుగా చూసినవి 192. అందులో 120 ఆడవాళ్ళవి, 72 మగవాళ్ళవి. వయసుల పట్టీ వేస్తే, మార్పు దాదాపు అంతా 10 నుంచి 25 ఏళ్ళ మధ్యలోనే కనిపించింది. అమ్మాయిల్లో 13 దగ్గర ఒక అల, 16 దగ్గర ఇంకో అల, 18 దగ్గర చిన్న అల. అబ్బాయిల్లో పెద్ద అల 16 దగ్గర. అల అనే పోలిక స్టార్‌బక్‌దే. 16 అంటే మన పదో తరగతి, పదకొండో తరగతి.

ఎందుకు మారారు అన్న దానికి జవాబులు కూడా విడదీశారు. చావు భయం, నరకం భయం అన్నవి నూటికి 14. చుట్టూ ఉన్నవాళ్ళు బలవంతపెట్టడం, ఒత్తిడి అన్నవి నూటికి 19, అన్నిటికంటే ఎక్కువ ఇదే. మంచిగా బతకాలనే ఆశయం 17. నరకం గురించి అన్ని ప్రసంగాలు విన్న దేశంలో, నరకం కంటే పక్కింటివాళ్ళ మాటే గట్టిగా పనిచేసిందన్నమాట! ఇది చదివి నాకు నవ్వొచ్చింది. తర్వాత ఆలోచిస్తే, నేను గుడిలో కళ్ళు మూసుకునేది కూడా చాలాసార్లు పక్కన అమ్మ ఉందనే.

ఐతే ఆయన పనిలో అసలు విలువైనది ఈ అంకెలు కాదని నా అభిప్రాయం. మారుమనస్సు పొందినవాళ్ళతో ఆయన ఆగలేదు. సభలూ ఏడుపులూ లేకుండా మెల్లగా ఎదిగినవాళ్ళ కథలు కూడా తెప్పించి పక్కన పెట్టి చూశారు. వీళ్ళలోనూ అదే వయసులో అదే అలజడి ఉంది. దిగులు, తాను చెడ్డదాన్నేమో అనే బెంగ, ఒంటరితనం, సందేహం. సందేహాల కాలం దాటినవాళ్ళు ఆడవాళ్ళలో సగానికి పైగా, మగవాళ్ళలో నాలుగింట మూడు వంతులకు పైగా ఉన్నారు. కొందరికి నాలుగైదేళ్ళు పట్టే ఎదుగుదల, మారుమనస్సులో కొన్ని రోజుల్లోకి కుదించుకుని జరుగుతుందని ఆయన తేల్చారు. అంటే సందేహం రావడం పాపమూ కాదు, జబ్బూ కాదు. ఎదగడంలో అదొక భాగం.

మా అవ్వను నేను ఒకసారి "దేవుడికి మన మొక్కు అవసరమా?" అని అడిగితే "లెంపలేసుకో" అంది. వేసుకున్నాను. ప్రశ్న మాత్రం పోలేదు. 1890లలో ఎక్కడో అమెరికాలో నాలాంటి వయసులో ఇలాంటి ప్రశ్నతో నిద్రపట్టక పడుకున్న అమ్మాయిలు ఉన్నారని, ఒకాయన అది ముఖ్యం అనుకుని రాసిపెట్టారని తెలిసినప్పుడు కొంచెం ధైర్యం వచ్చింది. మా అవ్వను తప్పు పట్టడం లేదు. ఆమెను ఆ వయసులో ఎవరూ అడిగి ఉండరు.

స్టార్‌బక్ పద్ధతిలో లోపాలు లేవని కాదు. జవాబులు ఇచ్చినవాళ్ళు ఎక్కువగా అమెరికాలోని ప్రొటెస్టెంటులు. యూదులు, ముస్లింలు, హిందువులు ఇందులోకి రాలేదు. చాలామంది పెద్దయ్యాక పాత సంగతి గుర్తుచేసుకుని రాశారు, జ్ఞాపకం కథను సాపు చేసేస్తుంది. ఇంకోటి, పదహారేళ్ళకు మారాలని ఊళ్ళో అందరూ ఎదురుచూస్తుంటే పిల్లలు పదహారేళ్ళకే మారతారు. అది వయసు గుణమా, ఊరి గుణమా అని ఒక్క దేశంలో అడిగితే ఎలా తెలుస్తుంది?

పుస్తకం తర్వాత ఆయన కథ కొంచెం వింతగా నడిచింది. తన దగ్గరున్న చేతిరాత జవాబులను పెద్ద కట్టగా జేమ్స్‌కు ఇచ్చేశారు. జేమ్స్ వాటిని వాడుకుని ఎడిన్‌బరోలో ఉపన్యాసాలు ఇచ్చారు, అవి 1902లో పుస్తకంగా వచ్చాయి. మత అనుభవాల రకాల గురించి రాసిన ఆ పుస్తకాన్ని ప్రపంచమంతా ఇప్పటికీ చదువుతోంది. అందులో స్టార్‌బక్‌కు కృతజ్ఞత చెప్పారు కూడా. ఐనా ఇప్పుడు జేమ్స్ పేరు తెలిసినంతమందికి స్టార్‌బక్ పేరు తెలియదు. వడ్లు పండించినవాడి పేరు బియ్యం బస్తా మీద ఉండదు కదా. స్టార్‌బక్ 1906 నుంచి 1930 వరకు అయోవా విశ్వవిద్యాలయంలో పనిచేస్తూ పిల్లల శీలం వైపు తిరిగారు. ఏ కథ చదివితే పిల్లల మనసు ఎలా పెరుగుతుందని అద్భుత కథలనూ పురాణ గాథలనూ ఏరి పట్టికలు వేయించారు. ఈ భాగం నాకు మొదటి పుస్తకమంత ఆసక్తిగా అనిపించలేదు.

ఇదే కాలంలో ఇదే పని చేసిన ఇంకొకాయన జేమ్స్ ల్యూబా. స్విట్జర్లాండులో పుట్టి అమెరికా వచ్చారు. ఈయన కూడా క్లార్క్‌లో హాల్ శిష్యుడే, మారుమనస్సు మీద 1896లోనే వ్యాసం అచ్చువేశారు. 1914లో శాస్త్రవేత్తలకు ప్రశ్నలు పంపి, ప్రార్థన వినే దేవుణ్ణి నమ్ముతారా అని అడిగితే నమ్మేవాళ్ళు నూటికి 42 మంది దాకానే తేలారు. ల్యూబా తానే అలాంటి దేవుణ్ణి నమ్మడం మానేశారు. స్టార్‌బక్ చివరిదాకా మతం మంచిదనే అన్నారు. ఒకే గురువు, ఒకే రకం కాగితం, ఇద్దరూ చేరింది వేరువేరు చోట్లకు.

1937లో ఒక పుస్తకం వచ్చింది. మతం గురించి ఆలోచించిన కొందరు పెద్దలు తమ జీవితాన్ని తామే చెప్పుకున్న వ్యాసాలు అవి. ల్యూబా ఉన్నారు, స్టార్‌బక్ ఉన్నారు, గాంధీగారి స్నేహితుడు సి.ఎఫ్. ఆండ్రూస్ ఉన్నారు. వాళ్ళతోపాటు సర్వేపల్లి రాధాకృష్ణన్ ఉన్నారు! మన తమిళనాడులోని తిరుత్తణిలో 1888లో తెలుగు కుటుంబంలో పుట్టిన మన రాధాకృష్ణన్ గారే. అప్పటికి ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉపాధ్యక్ష పదవి ముగించి ఆక్స్‌ఫర్డ్‌లో ఉన్నారు.

ఆయన చదువు ఎక్కువగా మిషనరీ బడుల్లో సాగింది. మొదట తిరుపతి, తర్వాత వేలూరు, ఆ తర్వాత మద్రాసు క్రిస్టియన్ కాలేజీ. అక్కడి పంతుళ్ళు హిందూ మతాన్ని విమర్శిస్తుంటే తన నమ్మకం కదిలిపోయిందని ఆయన రాశారు. ఆయన మతం మారలేదు, మారుమనస్సు సభలోనూ లేవలేదు. ఆ విమర్శ నిజమా కాదా అని తన మతాన్నే తవ్వడం మొదలుపెట్టారు. 1908లో, ఇరవై ఏళ్ళకు, వేదాంతంలోని నీతి మీద రాసిన వ్యాసం అచ్చయింది. సందేహం వచ్చిన వయసు వరకు ఈ కథ స్టార్‌బక్ పట్టీలో సరిగ్గా సరిపోతుంది. ఆ సందేహం బయటివాళ్ళ మతం నుంచి రావడం, దానికి జవాబు కోసం పాత గ్రంథాల దగ్గరికి పోవడం, వీటికి ఆ కాగితంలో గడి లేదు.

మన తరగతిలో మూడు మతాల వాళ్ళం కూర్చుంటాం. ఇంట్లో తెలుగు, బజారులో తమిళం, ప్రార్థన ఎవరిది వాళ్ళకు. అలాంటి ప్రశ్నావళి మన బడిలో ఎవరైనా తయారుచేస్తే, పేరు రాయనక్కర్లేదని మొదటి వరుసలోనే పెట్టాలి. రెండో వరుసలో, మీ పక్కన కూర్చున్నవాళ్ళ దేవుడి గురించి మీకు ఎప్పుడైనా ప్రశ్న వచ్చిందా, వస్తే ఎవరిని అడిగారు అని ఉండాలి.