కామెర్ల టీకా – నెల్లూరు సీమవాని పూనిక



మన తీరమున ఎవరికైనను కామెర్లు వచ్చెననగానే పసరుమందు పోయువారి యింటికి పరుగిడుట అలవాటు. మైపాడు, ఇస్కపల్లి ప్రాంతములందు నేనెరిగిన వృద్ధులనేకులు ఆ మందు వలననే బ్రదికితిమని యిప్పటికిని చెప్పుదురు. కామెర్లలో పెక్కు తమంత తామే నెమ్మదించును గనుక ఆ నమ్మకము నిలిచినది. వారిని నేను నిందింపను. హెపటైటిస్ బి అను రకము మాత్రము వేరు. అది రక్తము వలనను, దాంపత్యము వలనను, కాన్పువేళ తల్లినుండి బిడ్డకును సోకును. ఆరోగ్యవంతులగు పెద్దవారికి సోకినచో నూటికి 95 మందికి తక్కువ గాకుండ బయటపడుదురు. పురిటిబిడ్డకు సోకెనా, నూటికి 90 మందిలో అది కాలేయమున కాపురముండిపోవును. ఏ నలువది యేండ్లకో ఆ కాలేయము గట్టిపడుటయో, క్యాన్సరు పుట్టుటయో జరుగవచ్చును.

ఈ రోగబీజపు జాడను కనుగొన్న అమెరికా దేశీయుడు బ్లంబర్గుకు 1976లో నోబెలు బహుమానము వచ్చినది. ఈస్టు అను పులిపిండి శిలీంధ్రముచేత టీకా తయారుచేయు విధానము 1986లో అచ్చట అమలులోనికి వచ్చినది. అయితే ఒక్కొక్క సూదికి వందల రూపాయలు! కూలివాని బిడ్డకది అందునా?

మన జిల్లాలోని పాపిరెడ్డిపాలెమున పుట్టిన కె. ఐ. వరప్రసాదరెడ్డిగారు వైద్యులు కారు, ఎలక్ట్రానిక్ ఇంజనీరు. 1992లో జెనీవా సభలో ఈ రోగమును గూర్చి విని, మరుసటి యేడు హైదరాబాదున తల్లిగారి పేర శాంతా బయోటెక్నిక్స్ స్థాపించిరి. ఒమాను దేశపు విదేశాంగమంత్రి యూసుఫ్ బిన్ అలవీ పెట్టుబడి పెట్టి ఆదుకొనిరి. ఇచ్చటి వారు నమ్మని పనిని పరదేశి నమ్ముట చిత్రమే! 1997 ఆగస్టులో షాన్‌వాక్-బి వెలువడినది. ఈ విధానమున భారతదేశమున తయారైన మొదటి హెపటైటిస్ బి టీకా అదియే. పోటీవలన వెల దిగి, కాలక్రమమున ఒక డాలరునకు లోబడినది. 2009లో ఆ సంస్థ ఫ్రాన్సువారి సనోఫీ చేతికి పోయినది. అది వేరు కథ.

ప్రభుత్వము 2002లో కొన్నిచోట్ల ప్రారంభించి, 2011 నాటికి దేశమంతటికిని ఈ టీకాను విస్తరింపజేసినది. ఇపుడు వెల చిక్కు లేదు, వేళ చిక్కే యున్నది. మొదటి సూది బిడ్డ పుట్టిన 24 గంటలలో పడవలెను. పురుడు వెళ్లనిండని అవ్వలందురు. కాన్పువేళ తల్లిరక్తముతో వచ్చిన బీజము పదిదినములు ఊరకుండదు; అది కాలేయమున నాటుకొనకముందే టీకా పనిచేయవలెను. పిమ్మట 6, 10, 14 వారములకు తక్కిన సూదులు. సర్కారు ఆసుపత్రిలో ఇది ఉచితము. బిడ్డ తొడకు వేసి, తేదీని టీకాల కార్డున వ్రాసి యిత్తురు.