మామ్మ కాలు, సుబ్బారావుగారి మాత్ర

పొయ్యిమీద పప్పు ఉడికేలోగా చెప్పుకునే కబుర్లలో సైన్సుకి చోటేమిటని మీలో కొందరైనా అనుకోవచ్చు. నేను చదివింది పదో తరగతి. రసాయనశాస్త్రంలో నాకొచ్చిన మార్కులు నలుగురిలో చెప్పుకునేవీ కావు. అయినా ఈవేళ మీకు ఒక మందు కథ చెబుతాను. ఆ కథ నాకు మా నరసన్నపేటలో, మా మామ్మ కాలి దగ్గర మొదలయింది.

మా మామ్మకి ఎడమకాలు బోదకాలు. ఆవిడ చీర ఎప్పుడూ నేలమీద జీరాడుతూ ఉండేది. అది సొగసుకని అనుకునేదాన్ని చిన్నప్పుడు. పాదం కనబడకుండా కట్టుకునేదని పెద్దయ్యాక తెలిసింది. తాతయ్య ఉన్న రోజుల్లో పేరంటానికి వెళితే, పసుపు రాయడానికి ఎవరైనా కాళ్ళదగ్గర కూర్చోగానే కుడికాలు ముందుకి చాపి, ఎడమకాలు పీటకిందకి లాక్కునేదిట. మా పెద్దత్తయ్యకి పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళు కాఫీలు తాగి, పిల్ల నచ్చిందని చెప్పి, గుమ్మం దిగుతూ మామ్మ కాలు చూశారు. మళ్ళీ ఆ ఇంటినుంచి ఉత్తరం ముక్క రాలేదు. తల్లికుంటే కూతురికీ వస్తుందని వాళ్ళ భయం. పూర్వజన్మ పాపం అన్నవాళ్ళూ ఉన్నారు, ఊరి నీళ్ళ దోషం అన్నవాళ్ళూ ఉన్నారు. శ్రీకాకుళం జిల్లాలో పుట్టిన వాళ్ళకి ఈ మాటలు కొత్త కావు. మన వైపు ఏ వీధిలో చూసినా అలాంటి కాలు ఒకటి కనబడే రోజులవి.

నా చిన్నతనంలో ఫైలేరియా వాళ్ళని వచ్చేవారు. ఎప్పుడనుకున్నారు? రాత్రి ఎనిమిది దాటాక, తొమ్మిదింటికి. చేతిలో గాజుపలకలు, సూదులు. వేలు గుచ్చి ఒక్క చుక్క రక్తం తీసుకుంటామనేవారు. "ఓలమ్మా, దీపాలెట్టినాక రగతం తీడమేటే!" అని మామ్మ తలుపేసేది. వీధిలో సగంమంది నిద్ర నటించేవారు. పగలు రాకుండా ఈ దొంగవేళ ఎందుకొస్తారో మాకెవరూ చెప్పలేదు. చెబితే తలుపు తీసేవాళ్ళమేమో.

సంగతి ఏమిటంటే, బోదకాలికి కారణం దారంలాంటి సన్నని పురుగులు. అవి మన ఒంట్లో కాళ్ళకీ చేతులకీ వెళ్ళే శోషరస నాళాలలో కాపురముంటాయి. నాళం దెబ్బతిని లోపలి ద్రవం కిందనే నిలిచిపోయి కాలు వాస్తుంది. ఆ పురుగులు పెట్టే పిల్లలు కంటికి ఆననంత చిన్నవి. పగలంతా లోపలెక్కడో దాక్కుని, రాత్రి వేళకు చర్మం దగ్గరి రక్తంలోకి వస్తాయి. ఎందుకంటే దోమ కుట్టేది అప్పుడే. దోమలోకి చేరి, అక్కడ కొంత పెరిగి, మరొకరిని కుట్టినప్పుడు వారి ఒంట్లోకి పోతాయి. ఇందులో దోమ పాత్రను మొదట పసిగట్టిన వాడు పాట్రిక్ మాన్సన్ అనే స్కాట్లండు డాక్టరు. 1877లో చైనాలోని అమోయ్ రేవులో, ఈ జబ్బున్న తన తోటమాలిని దోమలచేత కుట్టించి, ఆ దోమలను కోసి చూశాడు. తోటమాలి ఏమనుకున్నాడో గానీ ఆయన లేకపోతే మాన్సన్ లేడు. మన దగ్గర ఈ పని చేసేది క్యూలెక్స్ దోమ. మురుగుకాలవల్లో, మూతలేని సెప్టిక్ ట్యాంకుల్లో పుడుతుంది. అంటే పాపం మామ్మది కాదు, కాలవది.

కారణం తెలిసింది సరే. మందో? డెబ్భై ఏళ్ళు గడిచినా సరైన మందు దొరకలేదు. చివరికి 1947లో దొరికింది. కనుక్కున్నది అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాల. ఆ పరిశోధకులకు పెద్ద మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. ఇది చదివిననాడు నేను చేతిలో పని అక్కడే వదిలేసి కూర్చున్నాను.

1895లో పుట్టారాయన. నాలాంటి వాళ్ళకి ధైర్యం కలిగించే మాట ఒకటి చెప్పనా? మెట్రిక్ ఆయన మూడోసారికి గాని గట్టెక్కలేదు. పదమూడో ఏట ఇంట్లోంచి పారిపోయి, కాశీలో యాత్రికులకు అరటిపళ్ళు అమ్ముకుని డబ్బు సంపాదిద్దామని బయలుదేరితే, తల్లి వెంకమ్మగారు వెనక్కి రప్పించి బడిలో కూర్చోబెట్టారు. తరవాత మద్రాసు వైద్య కళాశాలలో చేరారు. గాంధీగారి పిలుపు విని ఆపరేషన్ గదిలోకి కూడా ఖద్దరు కోటుతోనే వెళ్ళడం ఇంగ్లీషు ప్రొఫెసరుకి కంటగింపయింది. ఫలితంగా ఎం.బి.బి.యస్. రావలసిన చోట దానికంటే తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టా చేతికొచ్చింది. (మా పొందూరు నేతగాళ్ళు వింటే ఎంత మురిసిపోతారో!) ఈలోగా సోదరుడు పురుషోత్తంగారు గ్రహణి వ్యాధితో పోయారు. తిన్నది వంటబట్టక, రక్తం చచ్చి, మనిషి నీరసించిపోయే జబ్బది. డాక్టరు చదువు చదువుతున్న మనిషికి ఇంట్లోనే చేతులు కట్టేసినట్టయింది.

1922 అక్టోబరులో ఆయన బోస్టన్ నగరంలో దిగారు. పగలు హార్వర్డులో చదువు, రాత్రి ఒక ఆసుపత్రిలో రోగులకు మలమూత్రాల పాత్రలందించే కూలిపని. 1925లో ఫిస్కే అనే తన గురువుతో కలిసి రక్తంలోనూ మూత్రంలోనూ ఉండే భాస్వరాన్ని కొలిచే పద్ధతి కనిపెట్టారు. పసుపులో సున్నం కలిపితే ఎర్రబడటం మనకి తెలిసిందే కదా? అలాగే భాస్వరమున్న ద్రవంలో కొన్ని రసాయనాలు కలిపితే నీలంరంగు వస్తుంది. రంగు ఎంత చిక్కనైతే భాస్వరం అంత ఎక్కువన్నమాట. వినడానికి ఇంతే. కానీ ఆ నీలంరంగుతోనే, కండరాలు పనిచేయడానికి శక్తిని అందించే ఫాస్ఫోక్రియాటిన్ 1927లోనూ, ఏ.టి.పి. అనే పదార్థం 1929లోనూ వాళ్ళ కంటబడ్డాయి. ఏ.టి.పి.ని అదే ఏడు జర్మనీలో లోమన్ కూడా విడిగా కనుక్కున్నాడు. మనం బిందె ఎత్తినా, కన్ను ఆర్పినా ఖర్చయ్యేది ఆ ఏ.టి.పి.యే. పిల్లలు ఇంటర్‌లో బట్టీ పట్టే మాట అది. పుస్తకంలో పక్కన ఆయన పేరు ఉంటే బాగుండును.

1940లో హార్వర్డు వదిలి లెడర్లీలో చేరారు. అక్కడ చేసిన పనుల్లో ఒకటి మన ఆడవాళ్ళందరి ఒంట్లోనూ ఉంది. దానికి ముందు కథ బొంబాయిలో జరిగింది. 1928లో లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరమ్మ బొంబాయి వచ్చి, బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణీ స్త్రీలు ఎందుకంతగా పాలిపోయి చనిపోతున్నారో పరిశీలించింది. ఈస్టు సారం పెడితే తేరుకున్నారు. అందులోని పదార్థమేదో అప్పటికి తెలియలేదు. 1941లో టెక్సాస్‌లో కొందరు టన్నులకొద్దీ పాలకూర మరిగించి వడగట్టి, ఆకుల్లో దొరికింది గనక దానికి ఫోలిక్ ఆసిడ్ అని పేరు పెట్టారు. దాన్ని ఆకు అక్కర్లేకుండా ప్రయోగశాలలో తయారుచేసి, 1945లో లోకానికి వెల్లడించింది సుబ్బారావుగారి బృందం. సోదరుణ్ణి తీసుకుపోయిన గ్రహణికి కూడా అది మందుగా పనికొచ్చింది, పాతికేళ్ళు ఆలస్యంగా. మీకు నెల తప్పినప్పుడు నర్సమ్మ చేతిలో పెట్టిన ఐరన్ మాత్రలో ఇనుముతో పాటు ఉన్నది ఇదే. మలబద్ధకమని చెత్తబుట్టలో పారేసినవాళ్ళు చేతులెత్తండి! నేనూ ఎత్తుతున్నాను.

అదే ఫోలిక్ ఆసిడ్‌ని కాస్త మార్చి, చూడ్డానికి దానిలాగే ఉండి పని చెడగొట్టే నకిలీ సరుకు తయారుచేశారు. రక్త క్యాన్సర్ కణాలు ఫోలిక్ అనుకుని దాన్ని మింగి దెబ్బతింటాయి. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు దానితో పిల్లలకు చికిత్స చేసి, కొందరిలో జబ్బు తాత్కాలికంగా వెనక్కి తగ్గిందని 1948లో ప్రకటించాడు. ఆ జాతిదే మెథోట్రెక్సేట్. మా పక్కింటి పిన్నిగారు కీళ్ళవాతానికి వారానికి ఒక్కసారి వేసుకునేది అదే.

ఇక మామ్మ కాలి మందు. రెండో ప్రపంచయుద్ధంలో పసిఫిక్ దీవులకు వెళ్ళిన అమెరికా సైనికులకు వేలల్లో ఫైలేరియా పట్టుకుంది. మన కాళ్ళు ఎన్ని వందల ఏళ్ళు వాచినా పట్టనిది, సైనికులకు వచ్చేసరికి తొందరయింది. (ఈ మాట కొంచెం దురుసుగా ఉంటే మన్నించండి.) లెడర్లీలో, ఇలాంటి పురుగులే ఉండే ఒక జాతి ఎలుకలమీద ఎన్నో రసాయనాలు వేసి చూశారు. పైపరజిన్ అనే పదార్థం నుంచి తయారైనది ఒకటి పనిచేసింది. డైఇథైల్ కార్బమజిన్, క్లుప్తంగా డి.ఇ.సి. అమ్మకానికి పెట్టిన పేరు హెట్రజాన్. ఇది ఒంట్లో పడితే రక్తంలో తిరిగే పిల్లపురుగులు మన రక్షక కణాలకు చిక్కి నశిస్తాయి. అవి చచ్చేటప్పుడు కొందరికి జ్వరం, తలనొప్పి వస్తాయి. జనం మాత్రలంటే భయపడింది అందుకే. పురుగుల్లేని వాళ్ళకి చాలావరకు ఏమీ కాదు.

మన దేశంలో ఫైలేరియా అదుపు కార్యక్రమం 1955లో మొదలయింది. మా వీధికి రాత్రిళ్ళు వచ్చినవాళ్ళు ఆ కోవవాళ్ళే. 2004 నుంచి, జబ్బు ఉన్నవారూ లేనివారూ అనకుండా, ఏడాదికోసారి జిల్లా జిల్లా అంతా ఒక్కసారే మింగే పద్ధతి పెట్టారు. పెద్దవాళ్ళకు మూడు మాత్రలు. రెండేళ్ళలోపు పిల్లలకు, గర్భిణులకు, తీవ్రంగా జబ్బుపడిన వారికి వద్దు. అన్నం తిన్నాక, ఇచ్చిన వారి ఎదురుగానే వేసుకోవాలి. దోమ ఒకరి రక్తంలో పిల్లపురుగులు దొరక్కపోతే రెండో వారికి ఏమి మోసుకెళ్తుంది? ఉపాయమంతా అక్కడే ఉంది. చైనా ఇదే మందును ఉప్పులో కలిపి జనం చేత తినిపించి, 2007 నాటికి జబ్బును వదిలించుకుంది.

లెడర్లీలోనే ఆయన హయాంలో డగ్గర్ అనే వృద్ధ శాస్త్రజ్ఞుడు మట్టిలోని ఒక సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్ అనే మందు తీశాడు. 1948లో బయటికొచ్చిన ఆ మందు టెట్రాసైక్లిన్ కుటుంబానికి పెద్దన్న. చాలా కాలానికి తెలిసిందేమిటంటే, బోదకాలు పురుగు ఒంట్లో వోల్బాకియా అనే బాక్టీరియా ఉంటుంది, అది లేకపోతే పురుగు బతకలేదు. టెట్రాసైక్లిన్ కుటుంబంలోని డాక్సీసైక్లిన్ వారాల తరబడి ఇస్తే ఆ బాక్టీరియా చచ్చి, దానివెంట పెద్దపురుగూ చస్తుందని 2005లో టాంజానియాలో చేసిన పరీక్ష చూపింది. డి.ఇ.సి.కి అంత తేలిగ్గా లొంగనిది ఆ పెద్దపురుగే. ఒకే ప్రయోగశాలలో పుట్టిన రెండు మందుల వంశాలు యాభై ఏళ్ళు దాటాక ఒకే పురుగు దగ్గర కలుసుకున్నాయి. ఇప్పుడు రాత్రి రక్తం తీయకుండా పగలే కార్డుమీద పరీక్షించే సదుపాయం కూడా వచ్చింది.

సుబ్బారావుగారు ఇవేవీ చూడలేదు. 1948 ఆగస్టులో, యాభై మూడో ఏట, నిద్రలోనే గుండె ఆగి పోయారు. మన తపాలాశాఖ 1995లో ఆయన బొమ్మతో బిళ్ళ వేసింది. దేశం విడిచాక ఒక్కసారైనా తిరిగి రాలేదు. ఇంటిదగ్గర భార్య శేషగిరిగారు ఉన్నారు. చదువు ముగించుకుని వస్తానని వెళ్ళిన మనిషి. పుట్టిన కొడుకు పసితనంలోనే పోయాడు. తండ్రి ఆ బిడ్డ మొహం చూడలేదు. పరిశోధనల గురించి రాసినవాళ్ళు ఈ సంగతిని ఒక వాక్యంలో దాటేస్తారు. నాకు దాటబుద్ధి కాలేదు.

మాత్రలు పంచడం మొదలైన రోజుల్లో ఒక ఏడు, ఆరోగ్య కార్యకర్త మా గుమ్మంలోకి వచ్చింది. "డెబ్భయ్యయిదేళ్ళు నాకు. ఈ వాపు ఇప్పుడేటి తీసుద్దే!" అంది మామ్మ. నిజమే, వాచి గట్టిపడిన కాలుని మాత్ర తగ్గించదు. దానికి రోజూ సబ్బుతో కడిగి, వేళ్ళసందుల్లో తడి ఒత్తి, పుండు పడకుండా చూసుకోవాలి, కాలు ఎత్తుగా పెట్టుకోవాలి. "నీ కాలికి కాదమ్మా, నీ మునిమనవళ్ళ కాళ్ళకి" అంది ఆ పిల్ల. మామ్మ మూడు మాత్రలూ నోట్లో వేసుకుని నీళ్ళు తాగింది.

ఆ సాయంత్రం బేసినులో ఆవిడ కాలు కడుగుతూ సుబ్బారావుగారి కథంతా చెప్పాను. హార్వర్డు దగ్గర ఆవులించింది. ఖద్దరు కోటు దగ్గర నవ్వింది. అంతా అయ్యాక, "వత్తానని ఎల్లాడు గదే. మరి ఆ గుంట ఏటి సేసింది?" అనడిగింది.

"ఎదురు చూసింది మామ్మా."

మామ్మ ఏమీ అనలేదు. నీళ్ళలో ఉన్న ఎడమకాలుని కాసేపు చూసి, చీర కుచ్చెళ్ళు మోకాలిదాకా ఎత్తి పట్టుకుని, "ఆ యేళ్ళసందుల్లో కూడా సబ్బు రాయే" అంది.