ముందు చక్రమును మోసిన మర

మోటారుకారు ముందు చక్రమునకు రెండు పనులున్నవి. గతుకు వచ్చినపుడు అది పైకి లేచి దిగవలెను. మలుపు వచ్చినపుడు పక్కకు తిరుగవలెను. ఈ రెండు కదలికలకు ఒకేచోట వీలు కల్పించుట కారు నిర్మాతలకు మొదటినుండి చిక్కు సమస్యయే. ఇంగ్లండులో ట్రయంఫ్ కార్ల నిర్మాతలు దీనికి ఎంచుకొన్న పరిష్కారము సులువైనది, తెలివైనది. కాని దాని ఆయుష్షు మాత్రము కారు యజమాని వేయు చమురుపై ఆధారపడినది.

తొలినాటి కార్లలో ముందు చక్రములు రెండింటిని ఒకే ఇరుసు కలిపి ఉంచెడిది. ఎడమ చక్రము రాతిపైకి ఎక్కినచో ఇరుసు వాలి, కుడి చక్రము కూడ ఒరిగెడిది. ప్రతి చక్రము తనంతట తాను కదలునట్లు చేయుటకు పలువురు ప్రయత్నించినారు. ఇంగ్లండులో మోర్గన్ 1910లో తన మూడు చక్రముల బండ్లకు, ఇటలీలో లాంచియా 1922లో తన లాంబ్డా కారుకు, ముందు చక్రములు నిలువు కంబముల వెంట జారు ఏర్పాటు చేసినారు. తరువాతి కాలమున మరియొక పద్ధతి ఎక్కువగా వ్యాపించినది. ఇందులో చక్రమునకు పైన ఒకటి, కింద ఒకటి చొప్పున పంగకర్రవలె చీలిన ఉక్కు చేతులుండును. ఆ రెండు పంగచేతుల కొనలను ఒక నిలువు కడ్డీ కలుపును. చక్రము ఆ కడ్డీకే అమర్చబడి ఉండును.

1959 ఏప్రిల్‌లో వెలువడిన ట్రయంఫ్ హెరాల్డ్ కారులో ఈ నిలువు కడ్డీ పైకొనకు బంతికీలు ఉన్నది. కింది కొనపై మాత్రము మరచుట్లు కోసి, దానిని రాగి మిశ్రమలోహపు దిమ్మలోనికి బిగించినారు. ఈ దిమ్మ పేరు ట్రనియన్. డ్రైవరు స్టీరింగు తిప్పినపుడు కడ్డీ ఆ మరలోనే తిరుగును. 1953 నాటి టి.ఆర్.2 కారులో కూడ ఇటువంటి ఏర్పాటే ఉన్నది. చక్రము ఎంత తిరిగినను మరలో ఒక పూర్తి చుట్టు కాదు. కనుక కడ్డీ ఎక్కి దిగు దూరము అతిస్వల్పము. ముందు చక్రములు బాగా వాలుగా తిరుగగలుగుటచే హెరాల్డ్ సుమారు 25 అడుగుల వ్యాసముగల వృత్తములో తిరిగిరాగలిగెడిది.

1962లో ఈ భాగములతోనే స్పిట్‌ఫైర్ అను రెండు సీట్ల స్పోర్ట్స్ కారు పుట్టినది. అదే ఏట వచ్చిన లోటస్ ఎలాన్ కూడ ట్రయంఫ్ నిలువు కడ్డీనే గ్రహించినది. మద్రాసులో స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ వారు 1961 నుండి తయారుచేసిన స్టాండర్డ్ హెరాల్డ్ ద్వారా ఈ మర మన దేశపు రోడ్లపైకి కూడ వచ్చినది.

ఇక ఇందలి ప్రమాదమెక్కడ? కారు ముందుభాగపు బరువు స్ప్రింగు ద్వారా కింది పంగచేతిపై పడును. ఆ చేయి ట్రనియనును కిందికి నొక్కును. నేల చక్రమును పైకి నెట్టును. ఈ రెంటి నడుమ లాగుడుపడునది మరచుట్లే. గాటుపడిన చోటనే గుడ్డ చిరిగినట్లు, లోహములో కూడ బలమంతయు మర గాడిలో కేంద్రీకరించును. అచ్చట నీరు చేరి తుప్పు పట్టినచో చిన్న గుంటలు ఏర్పడును. ప్రతి గతుకు, ప్రతి మలుపు ఆ గుంటను కొద్దికొద్దిగా చీల్చును. తుదకు కడ్డీ తెగి చక్రము ఒరిగిపోవును.

దీనికి విరుగుడు కంపెనీ చేతిపుస్తకములోనే ఉన్నది. ట్రనియనులో గ్రీజు కాదు, గేరుపెట్టెలలో వాడు చిక్కని నూనె వేయవలెనని అందు చెప్పినారు. నూనె సన్నని సందులలోనికి పాకును. గట్టిపడిన గ్రీజు దారిలోనే నిలిచిపోవును. కాని మిగిలిన కీళ్లకు గ్రీజు ఎక్కించు మెకానిక్కులు అలవాటుగా ఇక్కడను దానినే ఎక్కించుట, కొందరు యజమానులు ఏదియు వేయకుండుట జరిగినది.

అందుచే పాత స్పిట్‌ఫైరు ముందుభాగమును నేడు పునర్నిర్మించువారు మొదట ఈ మరనే పరీక్షింతురు. ముందుగా నొక్కుడులోనున్న స్ప్రింగును తగిన పనిముట్టుతో అదుపుచేయుదురు. అదుపు తప్పిన స్ప్రింగు ప్రాణాపాయకరము. కడ్డీని విప్పి శుభ్రపరచి, తుప్పు గుంటలు కనిపించినచో నిస్సంకోచముగా పారవేయుదురు. కుడి ఎడమల మరలు పరస్పర వ్యతిరేకముగా చుట్టుకొని ఉండును గనుక ఒకవైపు భాగము రెండవవైపునకు పనికిరాదు. ట్రనియనును చివరివరకు బిగించి, చక్రము ఇరువైపులకు పూర్తిగా తిరుగుటకు చాలినంత మాత్రమే వెనుకకు విప్పుదురు. పంగచేతుల రబ్బరు బుష్‌ల బోల్టులను కారు తన బరువుతో చక్రములపై నిలిచిన తరువాతనే బిగింతురు. గాలిలో వ్రేలాడునపుడు బిగించినచో రబ్బరు ఎల్లప్పుడు మెలికపడియుండి త్వరలో చిరుగును. చివరగా నూనె వేయుదురు.

స్పిట్‌ఫైరు తయారీ 1980లో ముగిసినది. అప్పటికి 3 లక్షలకు పైగా కార్లు వెలువడినవి. తరువాతి కార్లలో చమురు అడుగని మూతబడిన బంతికీళ్లు సర్వసాధారణమైనవి. అవి వచ్చినది ట్రయంఫ్ మర పనిచేయలేదని కాదు. నూనె అందినంతకాలము ఆ మర చక్కగా పనిచేసినది. అయితే యంత్రమును గీసిన ఇంజనీరుకు దాని అవసరము తెలిసియుండుట చాలదు. దానిని వాడువాడు మరచిపోవుననియు లెక్కలోనికి తీసుకొనవలెను. ఈ పాఠమును నేర్పినది అంగుళముల పొడవైనను సరిగా లేని ఒక మర.